కోలారు బంగారు గనుల ధూళివ్యాధి: పరిశోధన చరిత్ర

మురుగమల్ల చింతామణి తాలూకాలోని పల్లె. ముక్తీశ్వరస్వామి ఆలయమును, అమ్మాజాన్ బావాజాన్ల దర్గాయు ఒకే ఊరిలో ఉండుటచేత నలుదిక్కుల నుండియు జనము వచ్చిపోవు స్థలమిది. రాజ్యము కన్నడదేశమైనను ఈ సీమలో, అనగా చింతామణి, బాగేపల్లి, గుడిబండ ప్రాంతములలో, ఇండ్లయందును సంతలయందును విశేషముగా వినవచ్చునది తెలుగే. సమీపముననున్న కైవారములో నారాయణతాతయ్య తెలుగున కాలజ్ఞానము చెప్పిన సంగతి లోకప్రసిద్ధము. రాగి, వేరుసెనగ, చెరువు క్రింద కొద్దిపాటి వరి ఇచ్చటి వారికి తరతరములుగా జీవనాధారములు. వాన వచ్చిన పంట, లేనిచో వలస. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లాగా ఏర్పడువరకును ఈ సీమయంతయు కోలారు జిల్లాలోని భాగమే. కోలారు పట్టణమునకు ఉత్తరమున చింతామణి కలదు. ఆగ్నేయమున బంగారు గనులు కలవు. ఒకే జిల్లా యొక్క ఒక కొసన ఎండిన చేలును, మరియొక కొసన వేల అడుగుల లోతు గనులును నూటయిరువది యేండ్లపాటు ప్రక్కప్రక్కన ఉండెను.

ఆ గనులలో పనిచేసినవారి ఊపిరితిత్తులకు రాతిధూళి వలన కలిగిన వ్యాధికి సిలికోసిస్ అని పేరు. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చి శాస్త్రీయముగా జరిగిన తొలి పెద్ద పరిశోధన కోలారు గనులయందే జరిగినది. ఐనను ఆ పరిశోధన చరిత్రను పరిశీలించినకొలది ఒక లోపము స్పష్టపడుచుండును. వ్యాధిని కొలిచినది గని ముఖద్వారమున. వ్యాధిగ్రస్తుడు కన్నుమూసినది తన పల్లెలో. ఈ రెండు లెక్కలు ఎన్నడును ఒకచోట చేరలేదు.

కోలారు బంగారము క్రొత్తది కాదు. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ సర్వే పనిమీద ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడు ఉరిగాము, మారికుప్పము గ్రామములవారు మట్టిని కడిగి బంగారు రేణువులను తీయుట చూచెను. అప్పటికే అచ్చట పాతకాలపు గుంతలును ఉండెను. ఆ గుంతలలో పనియంతయు ఉలితోడను సుత్తితోడను జరిగెడిది. దెబ్బకు పెళ్ళలు రాలునేకాని పొగవంటి ధూళి అంతగా లేవదు. గుంతలు లోతైనవి కావు గనుక గాలియు ఆడుచుండును. యంత్రము వచ్చిన పిమ్మట కలిగిన వ్యత్యాసమును గ్రహించుటకు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనదగినది.

న్యూజిలాండు యుద్ధమున పనిచేసి వచ్చిన ఐరిష్ సైనికుడు మైకేల్ లావెల్ 1870ల ఆరంభమున మైసూరు ప్రభుత్వము నుండి గనుల తవ్వకమునకు అనుమతి సంపాదించెను. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ సంస్థవారు రంగమున ప్రవేశించిరి. ఈ నడుమ 1876–78 సంవత్సరముల క్షామము, తెలుగువారు నేటికిని ధాతు కరువని చెప్పుకొనునది, మైసూరు రాజ్యమును, అందును కోలారు సీమను, ఘోరముగా పీడించెను. కరువు ముగిసిన రెండేండ్లకే గనులు తెరువబడుట కేవలము కాలములో కలిగిన పొందికయే యైనను, కూలీల సమీకరణకు అది తోడ్పడకపోలేదు. ఉత్తర ఆర్కాటు, సేలము ప్రాంతముల నుండి వచ్చిన తమిళులు అధికసంఖ్యాకులు. వారి సరసనే చిత్తూరు ప్రాంతమునుండియు కోలారు సీమ పల్లెలనుండియు వచ్చిన తెలుగువారు. పై ఉద్యోగములలో ఇంగ్లండు నైరుతి కొసయందలి కార్న్‌వాల్ నుండి వచ్చిన గనిపనివారు ఉండిరి. ఈ కార్న్‌వాల్ ప్రస్తావన ముందు మరల రాగలదు.

మైసూరు గని, ఛాంపియన్ రీఫ్, ఉరిగాము, నందిదుర్గము, బాలఘాటు అనునవి ప్రధానమైన గనులు. వీనిలో నందిదుర్గము గనికి పేరు వచ్చినది చిక్కబళ్ళాపురము చెంతనున్న నందికొండ వలననే. 1902 జూన్ 30న కావేరీనదిపై శివసముద్రము నుండి 92 మైళ్ళు తీగలపై ప్రయాణము చేసి విద్యుచ్ఛక్తి గనులకు చేరెను. ఆసియా ఖండమున అంతదూరము విద్యుత్తును పంపుట అప్పటికి అపూర్వము. 1905లో బంగారపు ఉత్పత్తి శిఖరము నందుకొనెను. ఇరువదివేలకు మించిన జనము గనులలో పనిచేయుచుండెను. ఛాంపియన్ రీఫ్ గని క్రమముగా 10,000 అడుగులకు మించి దిగి, ప్రపంచపు మిక్కిలి లోతైన గనులలో ఒకటియై ప్రసిద్ధికెక్కెను.

విద్యుత్తుతో నడచు యంత్రములు గాలిని ఒత్తి గొట్టములద్వారా లోపలికి పంపగా, ఆ ఒత్తిడితో రాతికి రంధ్రములు వేయు డ్రిల్లులు పనిచేసెడివి. రంధ్రములలో మందుగుండు కూరి పేల్చుట, పగిలిన రాతిని తోపుడుబండ్లకు ఎత్తుట నిత్యకృత్యము. బంగారము దాగియున్నది తెల్లని స్ఫటికశిలలో. ఆ స్ఫటికశిల నల్లని హార్న్‌బ్లెండు శిల నడుమ పలుచని పట్టీగా భూమిలోనికి దిగును. స్ఫటికశిల ఇంచుమించు స్వచ్ఛమైన సిలికా. పొడిరాతిపై డ్రిల్లు నడచినపుడు లేచు ధూళిలో కంటికి కనబడు రేణువులు ప్రమాదకరములు కావు. అవి ముక్కుననో గొంతుననో చిక్కి, తుమ్ముతోడను కఫముతోడను వెలువడును. మిల్లీమీటరులో రెండువందలవ వంతుకంటె చిన్నవైన రేణువులు మాత్రము ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల వరకును చేరును. శరీరరక్షణకై అచ్చట ఉండు కణములు వానిని మ్రింగి, మ్రింగిన విషమునకు తామే చచ్చును. ఆ రేణువులు బయటపడగా మరికొన్ని కణములు మ్రింగి చచ్చును. ఇట్లు చచ్చినచోటనెల్ల మచ్చకట్టి, మెత్తని ఊపిరితిత్తి గట్టి గడ్డలమయమగును. ఇది సామాన్యముగా పదియేండ్లకో ఇరువదియేండ్లకో బయటపడును. పని మానినను వ్యాధి ఆగదు. కుదుర్చు మందు ఈనాటికిని లేదు. పైగా ఇట్టి ఊపిరితిత్తులలో క్షయక్రిములు సులభముగా పాదుకొనును.

గనిపనివారికి దగ్గు, ఆయాసము కలుగునను ఎరుక ఐరోపాలో పాతదే. జర్మనీ దేశస్థుడు అగ్రికోలా 1556లో వెలువడిన లోహశాస్త్రగ్రంథమున కార్పేథియను పర్వతముల గనుల సమీపమున ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొనిన స్త్రీలు గలరని వ్రాసెను. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లో వృత్తివ్యాధులపై గ్రంథము వెలువరించి, వైద్యుడు రోగిని ‘నీవు చేయు పని యేమి?’ అని తప్పక అడుగవలెనని బోధించెను. సిలికోసిస్ అను పేరు పెట్టినది విస్కోంటి యను మరియొక ఇటలీ వైద్యుడు, 1870లో. భారతీయ వైద్యమున చరకుడు రాజయక్ష్మకు నాలుగు కారణములు చెప్పుచు మొదటిదిగా శక్తికి మించిన పనిని పేర్కొనెను. అది గనికూలీకి అక్షరాల వర్తించునదే. కాని ధూళిని కారణముగా చెప్పలేదు. కావున పల్లెవైద్యునికడకు దగ్గుచు, చిక్కి శల్యమై వచ్చిన గనికూలీని చూచి ఆ వైద్యుడు క్షయయని నిర్ణయించినచో అది అతని తప్పు కానేరదు. పట్టణపు వైద్యుడును ఎక్స్‌రే లేనిచో అట్లే చెప్పియుండును.

ఈ వ్యాధిని లెక్కకు తెచ్చుటలో కార్న్‌వాల్ చేసిన పని కోలారునకు అన్నివిధముల పోల్చదగినది. అచ్చటి తగరపు గనులు క్షీణింపగా గనిపనివారు దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు వేలకొలది వలసపోయి, ఆ గనులలో పొడిడ్రిల్లులు నడిపిరి. దక్షిణాఫ్రికా యుద్ధము 1899లో మొదలుకాగా పలువురు ఇండ్లకు మరలివచ్చిరి. వచ్చినవారు ముప్పది, ముప్పదియైదేండ్ల ప్రాయముననే దగ్గుచు చనిపోసాగిరి. ప్రభుత్వము శాస్త్రజ్ఞుడైన జాన్ స్కాట్ హాల్డేను మొదలగువారిని విచారణకు నియమించెను. 1904లో వెలువడిన వారి నివేదిక ధూళియే కారణమని తేల్చినది. వారు ఆ నిర్ణయమునకు రాగలుగుటకు గనులలోని పరీక్షలు మాత్రమే కారణము కావు. ఆ జిల్లాలోని మరణపట్టికలలో చనిపోయినవాని వయస్సు, వృత్తి, మరణకారణము వ్రాయబడియుండెను. గనిపనివారి మరణములను ఇతరుల మరణములతో సరిచూడగా, డ్రిల్లు నడిపినవారు ఇతరులకంటె ఎంత త్వరగా చనిపోవుచుండిరో కాగితముమీదనే కనబడెను. వ్యాధి తగిలినది ఆరువేల మైళ్ళ దూరమున, పట్టుబడినది ఇంటివద్ద.

ట్రాన్స్‌వాల్‌లో 1902లోనే ఒక విచారణసంఘము నియమింపబడెను. 1911లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము గనిక్షయకు భృతి యిచ్చు చట్టము చేసెను. 1930లో జొహానెస్‌బర్గు నగరమున సిలికోసిస్‌పై అంతర్జాతీయ సభ జరిగెను. 1934లో అంతర్జాతీయ కార్మికసంస్థ పరిహారమీయదగిన వృత్తివ్యాధుల జాబితాలో సిలికోసిస్‌ను చేర్చెను. ఐతే దక్షిణాఫ్రికాలో తెల్లవారికి ఒక న్యాయమును, నల్లవారికి ఒక న్యాయమును నడచెను. నల్లకూలీలు జబ్బుపడి దూరపు పల్లెలకు మరలిపోగా అచ్చట ఎవ్వరును లెక్కవేయలేదు. కోలారు కూలీ స్థితి కార్న్‌వాల్ గనిపనివానికంటె ఈ నల్లకూలీ స్థితికే చేరువ.

కోలారులో వ్యాధి చాలకాలము మరుగుపడియుండుటకు రెండు పరిస్థితులు తోడ్పడినవి. మొదటిది శిల. స్ఫటికపు పట్టీ పలుచనిది, చుట్టునున్న నల్లశిలలో సిలికా పాలు తక్కువ. కావున ట్రాన్స్‌వాల్ శిలవలె త్వరితముగా చంపక, ఈ ధూళి నెమ్మదిగా చంపును. రెండవది రాకపోకలు. కూలీ పంటకోతకు, పెండ్లికి, జాతరకు ఊరికి పోవును. ఓపిక తగ్గినప్పుడు పూర్తిగా వెడలిపోవును. అతని స్థానమున మరియొకడు వచ్చును. గని హాజరుపట్టీలో నెప్పుడును బలిష్ఠులే కనబడుదురు. నేటి పరిశోధకులు దీనిని ఆరోగ్యవంత కార్మిక భ్రమ అందురు. జబ్బుపడినవారు తొలగిపోగా మిగిలినవారిని చూచి పని నిరపాయకరమని తలచుటయే ఆ భ్రమ.

ఇక చట్టము. 1923 నాటి భారత కార్మిక పరిహారచట్టము వృత్తివ్యాధులుగా మొదట అంగీకరించినవి మూడే: ఆంత్రాక్సు, సీసపు విషము, భాస్వరపు విషము. అందు రాతిధూళికి తావు లేదు. పరిహారము లేనిచోట రోగమును నిరూపించుటకు కూలీకి ప్రయోజనము లేదు, వెదకుటకు యజమానికి అగత్యము లేదు. కార్మికుని గుర్తింపు విషయమున మాత్రము ఇట్టి ఉపేక్ష లేకుండెను. 1930 ఏప్రిలులో కూలీలందరు వేలిముద్రలు వేసి పేర్లు నమోదు చేయించుకొనవలెనను నిబంధన రాగా వేలాదిమంది పని మానివేసిరి. గనుల చరిత్రలో అది గొప్ప సమ్మె. వేలిముద్ర దొంగను పట్టునని కూలీలు భయపడిరి. అదే కాలమున ప్రతి కూలీకి ఒక ఎక్స్‌రే చిత్రము తీసి దాచియుండినచో చరిత్ర మరియొక విధముగా ఉండెడిది. బొటనవ్రేలికి దొరకిన శ్రద్ధ ఊపిరితిత్తికి దొరకలేదు.

మైసూరు ప్రభుత్వము 1940లో సిలికోసిస్ నిబంధనలను అమలుపరచుటతో కథ మలుపు తిరిగెను. సంస్థానమున ఈ వ్యాధి ప్రకటింపదగినదిగను, పరిహారమీయదగినదిగను అంగీకరింపబడెను. కేంద్రచట్టపు జాబితాలో సిలికోసిస్ చేరుటకు ఇంకను చాలకాలము పట్టెనను సంగతిని బట్టి చూడగా, ఒక సంస్థానము ఇంత ముందుగా ఈ పని చేయుట మెచ్చదగినదే. పరిహారమనగానే పరీక్ష కావలసివచ్చెను, పరీక్షయనగానే ఎక్స్‌రే. 1940 మొదలు 1946 వరకు ఏడువేల ఆరువందలకు పైబడిన కార్మికులు పరీక్షింపబడిరి. వారిలో నూటికి సుమారు 44 మందికి సిలికోసిస్ కలదని తేలెను. 1947లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. భారతదేశపు వైద్యగ్రంథములు సిలికోసిస్ చరిత్రను నేటికిని ఈ 1947తోనే ప్రారంభించుట వాడుక.

ఈ సంఖ్యను ఎట్లు చదువవలెను? నూటికి 44 అనగా గనులలో పనిచేసిన వారందరిలో 44 అని అర్థము కాదు. అది పరీక్షింపబడినవారిలోని పాలు మాత్రమే. జబ్బు కలదను అనుమానముతో వచ్చినవారు పరీక్షలలో ఎక్కువగా ఉండినచో సంఖ్య వాస్తవముకంటె పెరుగును. అప్పటికే ఊళ్ళకు పోయి చనిపోయినవారు లెక్కలో లేరు గనుక సంఖ్య వాస్తవముకంటె తగ్గును. ఈ రెండు దోషములలో మొదటిదానిని సవరించుటకు మార్గములు కలవు. గనిలో మిగిలినవారిని కూడ పరీక్షించినచో చాలును. రెండవదానిని సవరించుటకు గని దాటి పల్లెలకు పోవలెను. కావున 44 అను సంఖ్యను వ్యాధి యొక్క పూర్తి కొలతగా కాక, వ్యాధి ఉన్నదనుటకు ఇక తిరుగులేని సాక్ష్యముగా మాత్రమే గ్రహించుట యుక్తము. అంతవరకు లేదనుకొన్న వ్యాధి పరిహారపు నిబంధన వచ్చిన ఏడేండ్లలో వేలసంఖ్యలో కనబడినది. వ్యాధి ఆ యేడేండ్లలో పుట్టినది కాదు.

కోలారు పరిశోధన మరియొక విధముగ ప్రపంచవైద్యమును తాకినది. ఇచ్చటి గనులలో వైద్యుడుగా ఉండి సిలికోసిస్‌ను పరిశీలించిన ఆంటనీ కాప్లన్ పిమ్మట బ్రిటనుకు పోయి దక్షిణ వేల్సు బొగ్గుగనుల కార్మికులను పరీక్షించుపనిలో చేరెను. కీళ్ళవాతమున్న గనిపనివారి ఊపిరితిత్తులలో ఎక్స్‌రేయందు ఒక ప్రత్యేకమైన గుండ్రని మచ్చలు కనబడునని అతడు 1953లో ప్రకటించెను. నేడు ప్రపంచమందంతటను వైద్యవిద్యార్థులు ఆ స్థితిని కాప్లన్ పేరిటనే చదువుకొనుచున్నారు. ఆ కన్నుకు తొలి అభ్యాసము దొరకినది కోలారు కూలీల చిత్రములలోనే యనుట అతిశయోక్తి కాదు. ఐతే ఆ చిత్రములలోని ఊపిరితిత్తులు ఎవరివో, ఏ ఊరివారివో వైద్యగ్రంథములలో వెదకినను కానరాదు.

తరువాతి కథను సంగ్రహముగా చెప్పవచ్చును. డ్రిల్లు నడచునపుడు రంధ్రములోనికి నీరు పోవు ఏర్పాటు, పేల్చినపిదప ధూళి అణగువరకు లోనికి పోకుండుట, గాలి ప్రసారమును పెంచుట అను మూడును ధూళిని తగ్గించు ముఖ్యమార్గములు. నీటిధార వంటి సామాన్యోపాయము ఇంత పెద్ద వ్యాధిని చాలవరకు ఆపగలుగుట ఆశ్చర్యకరముగా తోచునుగాని, సిలికా విషయమున అదియే నిజము. 1952 గనుల చట్టము క్రింద సిలికోసిస్ దేశమంతటను ప్రకటింపదగిన వ్యాధి యయ్యెను. గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్రప్రభుత్వమునకును చేరి, 1972లో భారత్ గోల్డు మైన్సు సంస్థగా మారినవి. వృత్తివ్యాధుల పరిశోధనకై అహమ్మదాబాదున 1966లో ఏర్పడిన సంస్థకు 1977లో బెంగుళూరున శాఖ ఏర్పడెను. గనికార్మికుల ఆరోగ్యమును గూర్చి పరిశోధించు జాతీయసంస్థ యొకటి 1990లో స్థాపింపబడి, కోలారు గనులతో సంబంధము కలిగి, నాగపురము కేంద్రముగా పనిచేసెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. మిగిలినవి సయనైడు దిబ్బలు. రాతిని పిండిచేసి, సయనైడు ద్రావకముతో బంగారమును లాగివేసిన పిదప పోగుచేసిన ఆ మెత్తని పొడి నేటికిని ఊరి నడుమ కొండలవలె నిలిచి, గాలికాలమున ఇండ్లపై పడుచున్నది. గనిలోనికి దిగని ఆడవారికిని పిల్లలకును ఆ ధూళి చేరినది.

ఇక పల్లెల లెక్క. ఆ కాలమున మరణములను పై అధికారులకు తెలుపు బాధ్యత గ్రామాధికారులది. పట్టికలోని గడులు కొన్నియే: కలరా, మశూచి, ప్లేగు, జ్వరములు, విరేచనములు, శ్వాసరోగములు, గాయములు, ఇతరములు. చనిపోయినవాడు గనిలో పనిచేసెనా యని అడుగు గడి అందు లేదు. గనినుండి వచ్చి రెండేండ్లు దగ్గి మరణించిన కూలీ జ్వరముల గడిలోనో శ్వాసరోగముల గడిలోనో చేరియుండును. అమ్మవారికి మ్రొక్కినదియు, దర్గాలో తాయెత్తు కట్టించినదియు కుటుంబమువారి జ్ఞాపకములో ఉండునుగాని కాగితమున ఉండదు. కార్న్‌వాల్‌లో హాల్డేనుకు ఉపయోగపడిన సాధనము, అనగా మరణముతో వృత్తిని జతపరచు పట్టిక, కోలారు పరిశోధకునికి లేకుండెను. ఉండియుండినచో 44 అను సంఖ్య ప్రక్కన రెండవ సంఖ్య యొకటి వ్రాయబడి యుండెడిది.

ఈ విషయము గతించిన గనులతో ముగిసినది కాదు. చిక్కబళ్ళాపురము జిల్లాలోని కొండలు గ్రానైటు శిల. గ్రానైటున నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు స్ఫటికమే. బెంగుళూరు నగరము పెరిగినకొలది ఈ కొండలు కంకరయు, పలకలును అయి తరలిపోవుచున్నవి. 2021 ఫిబ్రవరిలో ఈ జిల్లాలోని హిరేనాగవల్లి వద్ద రాతిగనులకు వాడు జిలటిను పేలి ఆరుగురు చనిపోగా మరునాడే దేశమంతటను వార్త ప్రాకెను, విచారణయు జరిగెను. పేలుడునకు సాక్షులు కలరు, సమయము కలదు, శవములు ఒకచోట ఉన్నవి. అదే రాతి ధూళి పదునైదేండ్లకు ఆరుగురిని ఆరు ఊళ్ళలో చంపినచో వార్తాహరునికి దొరకదు. కంకర క్రషర్లలో పనిచేయువారు పలువురు ఏ సంవత్సరము ఎవరివద్ద పనిచేసిరో చూపు చీటీ లేనివారు. సిలికోసిస్ కార్ఖానాలయందును ప్రకటింపదగిన వ్యాధియే. కాని ప్రకటింపవలసినది యజమానియు, వైద్యుడును. యజమాని మారుచుండును, వైద్యుడు క్షయ మందులు వ్రాయుచుండును.

శిడ్లఘట్టలో పట్టుగూళ్ళనుండి దారము తీయు ఇండ్లయందును స్థితి భిన్నము కాదు. వేడినీటిలో గంటలకొలది చేతులు, కట్టెలపొగ, ఉడికిన పురుగుల ఆవిరి అచ్చట నిత్యము. 1985లో ప్రకటింపబడిన బెంగుళూరు పరిశోధకుల సర్వేలో పట్టుదారపు కర్మాగారముల పనివారిలో మూడవవంతునకు మించినవారికి ఉబ్బసము కనబడెను. వారిలో కొందరి ఉబ్బసము పట్టులోని పదార్థములు సరిపడక కలిగినదని కూడ వారు నిర్ణయించిరి. అది కర్మాగారముల లెక్క. ఇంటి వసారాలో దారము తీయు స్త్రీకి కర్మాగారము లేదు, కనుక లెక్కయు లేదు. శిడ్లఘట్ట మురుగమల్లకు ఇరుగుపొరుగు.

లెక్క పరిహారమును అనుసరించునను సంగతికి ఇటీవలి నిదర్శనము రాజస్థానము. అచ్చటి ప్రభుత్వము ఇసుకరాతి గనుల కూలీలకు, యజమాని ఎవరని నిరూపింపనక్కరలేకయే, వైద్యమండలి ధ్రువపత్రమును బట్టి సహాయధనమిచ్చు పద్ధతిని చేపట్టి, 2019లో దానిని ఒక విధానముగా ప్రకటించెను. అంతవరకు క్షయరోగులని చెప్పబడిన వేలకొలది మనుష్యులు సిలికోసిస్ రోగులుగా నమోదైరి. 1940 నాటి మైసూరు నిబంధనల పిదప కోలారులో జరిగినదియు ఇదియే. ఐతే ఒక భేదము కలదు. కోలారులో ధ్రువపత్రము పొందుటకు కార్మికుడు గనిని ఆశ్రయించియే ఉండవలెను. రాజస్థానమున తన ఊరినుండి వచ్చియు అడుగవచ్చును. నాగపురమున ఉండిన గనికార్మికుల ఆరోగ్యసంస్థను అదే 2019లో కేంద్రప్రభుత్వము అహమ్మదాబాదు సంస్థలో విలీనము చేసెను.

కోలారు గనులు మూతపడి ఇరువదియేండ్లు దాటినను, చివరితరము కార్మికులు కొందరు గని కాలనీలలోను, మరికొందరు చిత్తూరు, కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాల పల్లెలలోను నేటికిని ఉన్నారు. వ్యాధి పని మానిన తరువాతను పెరుగునది గనుక, 1990లలో గని దిగినవాని ఊపిరితిత్తులలోని ధూళి నేడును తన పని తాను చేయుచునే యుండును. వారి వయస్సు ఇప్పుడు అరువదికిని ఎనుబదికిని నడుమ. పల్లెలకు పోయి, నీవు చేసిన పని యేమని రమజ్జినీ చెప్పినట్లు ఒక్కొక్కరిని అడిగి, ఒక ఎక్స్‌రే తీసి, 1947 నాటి లెక్క ప్రక్కన వ్రాయుటకు మిగిలిన కాలము పది పదునైదేండ్లకు మించదు.